లెక్కలు చదివిన బిడ్డకు లోపలి ఆడిటు కొలువు

గత మాసమున సర్వసభ్య సమావేశము ముగిసిన పిమ్మట నొక వృద్ధ సభ్యుడు నన్ను ప్రక్కకు పిలిచి యిట్లడిగెను: “అయ్యా, మా చిన్నవాడు చార్టర్డు అకౌంటెంటు పరీక్ష ప్యాసయినాడు. హైదరాబాదు హైటెక్ సిటీలో నొక కంపెనీవారు లోపలి ఆడిటు పని యిస్తామంటున్నారు. ఎవరి జీతము తినునో వారి తప్పులే పట్టవలెనట. అట్టి కొలువు నిలుచునా? పంపమందురా, వద్దందురా?”

నేను వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరునే గాని లెక్కల పండితుడను గాను. అయినను ఈ ప్రశ్న నేడు మన సభ్యులలో పలువురి యిండ్లలో నున్నది గనుక, విచారించి తెలిసికొన్న సంగతులను ఇచట మనవి చేయుచున్నాను.

లోపలి ఆడిటనగా నేమి?

బయటి ఆడిటరు సంవత్సరాంతమున వచ్చి, లెక్కలు మొత్తముమీద సరిగా నున్నవో లేవో చెప్పి సంతకము చేయును. అది తెల్లకంకిని చూచి మొగిపురుగు పడినదని చెప్పుట వంటిది. లోపలి ఆడిటరో, ప్రతిదినము గట్టు వెంబడి నడచి ఆకు కొననున్న గ్రుడ్ల సముదాయమును వెదకు రైతు వంటివాడు. సరకు కావలెనని కోరినవారెవరు, ఆజ్ఞ యిచ్చినవారెవరు, సరకు దించుకొన్నవారెవరు, సొమ్ము చెల్లించినవారెవరు అని విచారించి, ఈ నాలుగు పనులు నొక్కని చేతిలోనే యున్నచో అచట చీడ పుట్టగలదని ముందుగా హెచ్చరించును. జీతముల పట్టీలో లేని మనుష్యుల పేర్లున్నవా, కంప్యూటరు లెక్కలను దిద్దు అధికారము ఎవరెవరి కున్నది అనునవియు నతడు చూడవలసినవే.

ఈ పనిలో కాగితమును నమ్మి మోసపోవుట యెంత సులభమో నేనెరుగుదును. ఉద్యోగమున చేరిన క్రొత్తలో నొక సంఘపు గిడ్డంగిలో విత్తనపు సంచులు లెక్కించితిని. పుస్తకమున 120, నేలపైన 120. తృప్తితో సంతకము చేసితిని. పంపిణీనాడు వెనుక వరుస సంచులు విప్పగా కొన్నింటిలో ఊక బయటపడెను. నేను సంచులు లెక్కించితిని గాని విప్పి చూడనైతిని. ఆ యేడు నలుగురైదుగురు రైతులకు నారు ఆలస్యమైనది. ఆ సంతకము నేటికిని నన్ను బాధించుచున్నది.

సత్యం కంపెనీ చెప్పిన పాఠము

మాదాపురమున సైబర్ టవర్స్ 1998లో ప్రారంభోత్సవము జరుపుకొనెను. నాటినుండి ఆ రాళ్లగుట్టల ప్రాంతము కంప్యూటరు కంపెనీల నగరమైనది. 1987లో స్థాపింపబడిన సత్యం కంప్యూటర్స్ ఆ నగరమునకే గర్వకారణముగ నుండెడిది. 2009 జనవరి 7వ తేదీన దాని అధ్యక్షుడు బి. రామలింగరాజు లేఖ వ్రాసి, పుస్తకములలో రూ. 5,361 కోట్లుగా చూపిన నగదు, బ్యాంకు నిలువలలో రూ. 5,040 కోట్లు అసలు లేవని యొప్పుకొనెను. అంతకు ముందటి సెప్టెంబరుతో ముగిసిన మూడు మాసముల రాబడి రూ. 2,700 కోట్లని ప్రకటింపగా, నిజమైనది రూ. 2,112 కోట్లే. లాభము రూ. 649 కోట్లు గాక రూ. 61 కోట్లు మాత్రమే.

ఇచటను సంచులున్నవి; లోపల ఊక. బ్యాంకు కాగితములు కనబడినవి గాని, వాని వెనుక సొమ్ము లేదు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులుగా నిర్ణయించి శిక్ష విధించెను. వారిలో బయటి ఆడిటర్లే గాక, ఆ కంపెనీ లోపలి ఆడిటు విభాగమునకు పెద్దగా నుండినవాడును ఉండెను. మరుసటి మాసమున అప్పీలులో ఆ శిక్షలు నిలుపుదల చేయబడినవి. అయినను కావలివాని పేరు కూడ ముద్దాయిల పట్టీ కెక్కినదన్న మాట యీ వృత్తిలోనికి పోవు ప్రతి యువకుడును గుర్తుంచుకొనదగినది.

దీనికి మారుగా మరియొక దృష్టాంతము గలదు. అమెరికాలో వరల్డ్‌కామ్ అను టెలిఫోను కంపెనీలో సింథియా కూపర్ అను లోపలి ఆడిటు అధికారిణి 2002లో పద్దులయందు సందేహము పొంది, పైవారు ఆపబోయినను మానక, తన మనుష్యులతో రాత్రులయందు పనిచేసి లెక్కలు తీసెను. ఖర్చును ఆస్తిగా వ్రాసిన 380 కోట్ల డాలర్ల పద్దులు బయటపడెను. ఆమె ఆ సంగతిని పై యధికారికి చెప్పి యూరకుండక, డైరెక్టర్ల ఆడిటు కమిటీకి నేరుగా నివేదించెను. ఆ సంవత్సరమే అమెరికాలో కఠినమైన చట్టము వచ్చెను. దాని ప్రకారము కంపెనీల కట్టుబాట్లను పరీక్షించు పనిలో కొంత భాగము నేడు హైటెక్ సిటీ, గచ్చిబౌలి కార్యాలయములలో మన బిడ్డలచే జరుగుచున్నది.

కొలువు నిలుచునా?

మన దేశమునను 2013 కంపెనీల చట్టము 138వ సెక్షను లోపలి ఆడిటును కొన్ని తరగతుల కంపెనీలకు విధిగా జేసినది. షేరు బజారులో చేరిన ప్రతి కంపెనీయు, రూ. 200 కోట్లు మొదలు వ్యాపారము గల ప్రైవేటు కంపెనీలును ఇందులోనివే. కావున పనికి కొరత లేదు.

1949 నాటి చట్టముచే నేర్పడిన చార్టర్డు అకౌంటెంట్ల సంస్థ పరీక్షలు మూడు మెట్లుగా నున్నవి. నడుమ నొక ఆడిటరు వద్ద పని నేర్వవలెను. తరువాత కొలువులో చేరినవాడు మొదటి రెండు మూడేండ్లు రసీదులు, కొనుగోళ్లు, జీతములు, సరకు నిలువలు చూచును. ఈ దినములను చిన్నచూపు చూడరాదు. కంపెనీలోని ప్రతి శాఖకును పోయి పని యెట్లు సాగునో చూచు అవకాశము మరి యే గుమాస్తాకును దొరకదు. ఈ కాలముననే కంప్యూటరు లెక్కల తనిఖీ నేర్చుకొనవలెను. 1941లో అమెరికాలో స్థాపింపబడిన లోపలి ఆడిటర్ల సంస్థ మూడు భాగముల పరీక్ష జరుపుచున్నది. అందు నెగ్గినవానికి విదేశపు కంపెనీలలోను మన్నన గలదు. పిమ్మట నలుగురిని నడుపు మేనేజరు, తుదకు ఆడిటు విభాగమునకు పెద్ద కావచ్చును. కొందరు నడుమ మార్గము మార్చి, కంపెనీ ఆర్థిక వ్యవహారములకే అధికారులగుచున్నారు.

ఇక మా వృద్ధ సభ్యునికి నేను చెప్పిన మాట యిది: “పంపుడు. కాని చేరకముందే అబ్బాయిని ఒక ప్రశ్న అడుగుమనుడు. నా రిపోర్టు ఎవరికి పోవును? తప్పు చేయగల అధికారి బల్లమీదనే ఆగిపోవునా, లేక డైరెక్టర్ల ఆడిటు కమిటీదాక నడచునా? మొదటిదైనచో జీతము పెద్దదైనను మరియొక కంపెనీని చూచుకొనుట మేలు. రెండవదైనచో చేరి, చూచినదానిని తేదీవేసి వ్రాసి, తనకు ప్రతి యుంచుకొని, మెత్తగా మాట్లాడుచు గట్టిగా నిలువవలెను. ఒక యేటి సంపాదన యింట దాచుకొన్నవాడు, తప్పుడు కాగితముపై సంతకము పెట్టుమన్ననాడు వద్దని చెప్పగలడు.”

ఆయన కొంతసేపు ఆలోచించి, “అయితే మన సంఘములో సంచులు విప్పి చూచువారెవరండీ?” అని నన్నే అడిగెను. నా వద్ద జవాబు లేకపోయినది. ఏడాది కొకమారు ఆడిటరు వచ్చును. నడుమ పదకొండు నెలలు మనమే కాపు. సభ్యులలో లెక్క తెలిసిన యిద్దరిని, పాలకవర్గమున లేనివారిని, ప్రతి మాసము గిడ్డంగిని నగదు పెట్టెను చూచుటకు నియమింపవలెనని వచ్చు సమావేశమున తీర్మానము తేగలందులకు సభ్యులను కోరుచున్నాను. సెలవులకు వచ్చు చార్టర్డు అకౌంటెంటు బిడ్డలను ఈ పనిలో సాయమడుగుటకు మనము సంకోచింప నక్కరలేదు.