చేనులోని నైట్రేట్ నుంచి రక్తనాళపు సడలింపు వరకు: ఒక కణ సంకేత మార్గం, విస్తరణ రంగానికి దాని పాఠం

సారాంశం

రక్తనాళాల గోడలలోని నునుపు కండరం సడలడానికి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయు రూప సంకేతం ప్రధాన కారణాలలో ఒకటి. ఈ వాయువు శరీరంలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం నుంచి తయారవుతుంది. ఆకుకూరల ద్వారా లోపలికి చేరిన నైట్రేట్ నుంచి కూడా కొంత తయారవుతుంది. పంటకు వేసిన నత్రజని, ఆకులో నిలిచే నైట్రేట్, మనిషి రక్తపోటు, పశువుల నైట్రేట్ విషప్రభావం ఒకే రసాయన మార్గానికి చెందిన విషయాలు. ఆ మార్గాన్ని దశలవారీగా వివరించి, క్షేత్రస్థాయి సలహాలలో పాటించవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసం తెలియజేస్తుంది.

కీలక పదాలు: నునుపు కండరం, నైట్రిక్ ఆక్సైడ్, నైట్రేట్, ఆకుకూరలు, పశుగ్రాసం

ఉపోద్ఘాతం

అనకాపల్లి నుంచి ఆనందపురం వెళ్లే ఆరు వరుసల రహదారి మీద ఉన్న సబ్బవరం, విశాఖపట్నం ఓడరేవు, ఉక్కు నగరాలకు శివారు మండలం. ఇటువంటి నగర శివారు ప్రాంతాలలో ఆకుకూరల సాగు, పాడి పశువుల పోషణ తరచుగా ఒకే రైతు కుటుంబం చేతిలో ఉంటాయి. ఒకే యూరియా బస్తా తోటకూర మడికీ, పశుగ్రాస జొన్న చేనుకూ వెళుతుంది. ఆకుకూర నగరవాసి కంచానికి, జొన్న పశువు గాటికి చేరుతాయి. ఈ రెండింటిలోనూ మిగిలిపోయిన నైట్రేట్ చివరకు రక్తంలోకి చేరుతుంది. ఒకచోట అది రక్తనాళాన్ని మేలు కలిగించే రీతిలో సడలిస్తుంది. మరొకచోట కొద్ది గంటలలోనే పశువు ప్రాణం తీయగలదు. ఈ తేడా ఎందుకు వస్తుందో తెలియాలంటే ముందుగా నునుపు కండరం పనితీరు తెలుసుకోవాలి.

నునుపు కండరం బిగుసుకునే విధానం

ధమని గోడలో మూడు పొరలుంటాయి. రక్తానికి ఆనుకొని ఒకే వరుస కణాలతో ఏర్పడిన ఎండోథీలియం ఉంటుంది. మధ్య పొరలో నునుపు కండర కణాలు నాళం చుట్టూ వలయాలుగా అమరి ఉంటాయి. వెలుపల సంయోజక కణజాలం ఉంటుంది. మధ్య పొర బిగుసుకుంటే నాళం ఇరుకవుతుంది, సడలితే వెడల్పవుతుంది. గొట్టంలో సాఫీగా సాగే ద్రవ ప్రవాహం దాని వ్యాసార్ధపు నాలుగవ ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుందన్న సూత్రం బిందు సేద్యం చదివిన విద్యార్థులకు పరిచితమే. ఒత్తిడి మారకుండా వ్యాసార్ధం 10 శాతం పెరిగితే ప్రవాహం సుమారు 46 శాతం పెరుగుతుంది. అందుచేత చిన్న ధమనులలో కలిగే స్వల్ప సడలింపు కూడా రక్తపోటుపై పెద్ద ప్రభావం చూపుతుంది.

కండర సంకోచానికి తొలి సంకేతం కాల్షియం. కణం వెలుపలి నుంచి గానీ, కణంలోపలి నిల్వల నుంచి గానీ కాల్షియం అయాన్లు విడుదలై కాల్మాడ్యులిన్ అనే ప్రోటీన్‌తో కలుస్తాయి. ఈ జంట మయోసిన్ లఘు శృంఖల కైనేజ్ అనే ఎంజైమ్‌ను మేల్కొలుపుతుంది. ఆ ఎంజైమ్ ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్‌ను తీసి మయోసిన్‌కు తగిలిస్తుంది. ఫాస్ఫేట్ తగిలిన మయోసిన్ ఆక్టిన్ తంతువులను పట్టి లాగుతుంది. కండరం బిగుసుకుంటుంది. అస్థి కండరంలో ఈ పనిని నియంత్రించే ట్రోపోనిన్ నునుపు కండరంలో లేదు. ఇక్కడ ప్రధాన మీట ఫాస్ఫేట్.

ఫాస్ఫేట్‌కూ కండరానికీ ఉన్న సంబంధాన్ని వెలికితీసిన వారిలో ఒక తెలుగువారు ఉన్నారు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని రంగు తీవ్రతను బట్టి కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఆ పద్ధతి ఆధారంగానే 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. 1929లో వారు ఏటీపీని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా అదే పదార్థాన్ని కనుగొన్నారు. నేడు మట్టి పరీక్షా కేంద్రంలో లభ్య భాస్వరాన్ని కొలిచేటప్పుడు కనిపించే మాలిబ్డినం నీలి రంగు కూడా ఇదే రసాయన సూత్రానికి చెందినది.

సడలింపు సంకేతం పుట్టుక

సడలింపు అంటే కండరం ఊరక అలసి వదులు కావడం కాదు. మయోసిన్‌కు తగిలిన ఫాస్ఫేట్‌ను తొలగించాలి, కణంలోని కాల్షియాన్ని తగ్గించాలి. ఈ రెండు పనులకూ ప్రత్యేక ఆదేశం అవసరం. ఆ ఆదేశం ఎక్కడి నుంచి వస్తుందో 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్, జాన్ జవాడ్‌స్కీ చూపించారు. కుందేలు బృహద్ధమని ముక్కలపై ఎసిటైల్‌కోలిన్ చల్లినప్పుడు, ఎండోథీలియం చెక్కుచెదరకుండా ఉన్న ముక్కలు సడలాయి. ఆ పొరను రుద్ది తొలగించిన ముక్కలు సడలలేదు. అంటే ఎండోథీలియం ఏదో ఒక పదార్థాన్ని కండరానికి పంపుతోందని తేలింది. ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అని 1987 నాటికి రుజువైంది. నైట్రోగ్లిసరిన్ కూడా ఇదే వాయువును విడుదల చేసి పనిచేస్తుందని ఫెరిడ్ మురాద్ అంతకు ముందే, 1977లో చూపించారు. ఫర్చ్‌గాట్, మురాద్, లూయిస్ ఇగ్నారోలకు ఈ కృషికి 1998లో నోబెల్ బహుమతి లభించింది.

రక్త ప్రవాహపు ఒరిపిడి వల్ల గానీ, ఎసిటైల్‌కోలిన్ వంటి పదార్థాల వల్ల గానీ ఎండోథీలియం కణంలో కాల్షియం పెరిగినప్పుడు, నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ ఆర్జినిన్‌ను సిట్రులిన్‌గా మార్చి ఆ వాయువును విడుదల చేస్తుంది. ఈ చర్యకు ఆక్సిజన్ తప్పనిసరి. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విశేషం ఒకటుంది. ఎండోథీలియంలో కాల్షియం పెరగడం సడలింపుకు దారితీస్తుంది. పక్కనే ఉన్న కండర కణంలో అదే కాల్షియం పెరగడం సంకోచానికి దారితీస్తుంది. సంకేతానికి అర్థం అది చేరిన కణాన్ని బట్టి మారుతుంది.

కండర కణంలో జరిగే మార్పులు

నైట్రిక్ ఆక్సైడ్ చిన్న అణువు, విద్యుదావేశం లేనిది. కణ త్వచాలను సులభంగా దాటుతుంది. కానీ దాని ఆయువు కొద్ది సెకన్లే. కనుక పుట్టిన చోటికి దగ్గరలోనే పనిచేస్తుంది. పక్కనున్న కండర కణంలో గ్వానైలేట్ సైక్లేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఆ ఎంజైమ్‌లోని హీమ్ భాగపు ఇనుముకు ఈ వాయువు అతుక్కోగానే ఎంజైమ్ చురుకై, జీటీపీ నుంచి సీజీఎంపీ అనే రెండవ దశ సంకేతాన్ని విరివిగా తయారు చేస్తుంది. సీజీఎంపీ ప్రోటీన్ కైనేజ్-జిని ఉత్తేజపరుస్తుంది. ఈ కైనేజ్ మూడు విధాలుగా పనిచేస్తుంది.

1. కాల్షియంను కణంలోపలి నిల్వలోకి తిరిగి పంపే చర్యను వేగవంతం చేస్తుంది, ఆ నిల్వ నుంచి కొత్తగా విడుదల కాకుండా అడ్డుపడుతుంది.

2. పొటాషియం ద్వారాలు తెరుచుకునేలా చేస్తుంది. పొటాషియం వెలుపలికి పోయినకొద్దీ కణం లోపలి భాగం మరింత రుణావేశితమవుతుంది. దానితో త్వచంలోని కాల్షియం ద్వారాలు మూసుకుంటాయి.

3. మయోసిన్ లఘు శృంఖల ఫాస్ఫటేజ్‌ను ప్రోత్సహిస్తుంది. ఈ ఎంజైమ్ మయోసిన్‌కు తగిలిన ఫాస్ఫేట్‌ను తొలగిస్తుంది. ఆక్టిన్, మయోసిన్‌ల పట్టు వీడి కండరం సడలుతుంది.

పని ముగిశాక సంకేతం ఆగిపోవడం కూడా ముఖ్యమే. ఫాస్ఫోడైఎస్టరేజ్-5 అనే ఎంజైమ్ సీజీఎంపీని విచ్ఛిన్నం చేస్తుంది. ఈ ఎంజైమ్‌ను అడ్డుకునే సిల్డెనాఫిల్ వంటి మందులను గుండెనొప్పికి వాడే నైట్రేట్ మందులతో కలిపి వాడరాదని వైద్యులు హెచ్చరించడానికి కారణం ఇదే. ఒకటి సంకేతాన్ని పెంచుతుంది, రెండవది దానిని ఆగనివ్వదు. ఫలితంగా రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది.

ఆకుకూర నుంచి వచ్చే రెండవ దారి

ఆర్జినిన్ మార్గానికి ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ తగ్గిన కణజాలంలో మరొక మార్గం తోడ్పడుతుంది. దానికి ముడిసరుకు ఆహారంలోని నైట్రేట్. మనిషి కణాలు నైట్రేట్‌ను చెప్పుకోదగినంతగా క్షయకరణం చేయలేవు. ఆ పనిని నాలుక వెనుక భాగంలోని బాక్టీరియా చేస్తాయి. పేగులో శోషణ చెంది రక్తంలో చేరిన నైట్రేట్‌లో సుమారు నాలుగో వంతును లాలాజల గ్రంథులు గ్రహించి నోటిలోకి వదులుతాయి. అక్కడి బాక్టీరియా దానిలో కొంత భాగాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. మింగిన నైట్రైట్‌లో కొంత జీర్ణాశయపు ఆమ్లంలో నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. మిగిలినది రక్తంలో ప్రయాణించి, ఆక్సిజన్ తక్కువగా ఉన్నచోట నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుతుంది.

2008లో లండన్ పరిశోధకులు ఆరోగ్యవంతులైన వలంటీర్లకు అర లీటరు బీట్‌రూట్ రసం ఇచ్చినప్పుడు, కొద్ది గంటలలో వారి పై రక్తపోటు సుమారు 10 మి.మీ. పాదరసం మేర తగ్గింది. లాలాజలం మింగకుండా ఉమ్మివేయించినప్పుడు ఆ తగ్గుదల కనిపించలేదు. నోటి బాక్టీరియా పాత్రకు ఇది బలమైన నిదర్శనం.

మొక్కలో నైట్రేట్ ఎందుకు నిలుస్తుంది

మొక్క గ్రహించిన నైట్రేట్‌ను నైట్రేట్ రిడక్టేజ్ నైట్రైట్‌గా మారుస్తుంది. తరువాతి ఎంజైమ్‌లు దానిని అమ్మోనియంగా, అమైనో ఆమ్లాలుగా మారుస్తాయి. మొదటి ఎంజైమ్‌కు మాలిబ్డినం అవసరం, వెలుతురు సహకారం అవసరం. గ్రహణం ఎక్కువై వినియోగం తగ్గితే మిగిలిన నైట్రేట్ కణాలలోని రిక్తికలలో నిల్వ ఉంటుంది. అధిక మోతాదు యూరియా, మబ్బు పట్టిన రోజులు, బెట్ట, కోతకు ముందు వేసిన పైపాటు ఎరువు ఈ నిల్వను పెంచుతాయి. ఆకు పత్రదళం కంటే కాడలో, జొన్నలో కాండపు అడుగు భాగంలో నైట్రేట్ ఎక్కువగా ఉంటుంది.

మనిషి రోజువారీగా తీసుకోదగిన నైట్రేట్ పరిమితి కిలో శరీర బరువుకు 3.7 మి.గ్రా. అని అంతర్జాతీయ నిపుణుల సంఘాలు నిర్ణయించాయి. 60 కిలోల వ్యక్తికి ఇది 222 మి.గ్రా. కిలోకు 2,000 మి.గ్రా. నైట్రేట్ ఉన్న తోటకూర 100 గ్రాములు తింటే 200 మి.గ్రా. చేరుతుంది. ఆకుకూరలు మానవలసిన అవసరం లేదు. వాటిలోని పొటాషియం, పీచు, విటమిన్-సి కూడా ఆరోగ్యానికి తోడ్పడేవే. కానీ రక్తపోటుకు మంచిదని ఎరువు మోతాదు పెంచి నైట్రేట్‌ను మరింత నింపవలసిన అవసరం అంతకంటే లేదు.

పశువులో అదే మార్గం ఎందుకు ప్రాణాంతకం

నెమరువేసే పశువు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు నైట్రేట్‌ను మొదట నైట్రైట్‌గా, తరువాత అమ్మోనియాగా మారుస్తాయి. రెండవ దశ మొదటి దశకంటే నెమ్మది. ఆకలితో ఉన్న పశువు నైట్రేట్ అధికంగా ఉన్న మేతను ఒక్కసారిగా తింటే నైట్రైట్ పోగుపడి రక్తంలోకి చేరుతుంది. గ్వానైలేట్ సైక్లేజ్‌లో సంకేతాన్ని అందుకునేది హీమ్‌లోని ఇనుమే. నైట్రైట్ దాడి చేసేది కూడా హీమ్ ఇనుము మీదనే, అయితే ఈసారి హిమోగ్లోబిన్‌లో. ఆ ఇనుము ఆక్సీకరణం చెంది మెథ్‌హిమోగ్లోబిన్ ఏర్పడుతుంది. అది ఆక్సిజన్‌ను మోయలేదు. రక్తం ముదురు గోధుమ రంగుకు మారుతుంది. అదే సమయంలో రక్తనాళాలు మితిమీరి సడలడం వల్ల రక్తపోటు పడిపోతుంది. ఆయాసం, తూలుడు, బలహీనమైన వేగవంతపు నాడి కనిపిస్తాయి. హిమోగ్లోబిన్‌లో సుమారు 80 శాతం మారితే మరణం సంభవిస్తుంది.

బెట్టలో జొన్న మేసిన పశువు చనిపోతే రైతులు నాము పోసిందని అంటారు. నాముకు కారణం హైడ్రోసయనిక్ ఆమ్లం. అందులో రక్తం తొలుత మెరిసే ఎరుపు రంగులో ఉంటుంది. నైట్రేట్ విషంలో గోధుమ రంగులో ఉంటుంది. రెండింటికీ చికిత్స వేరు. నైట్రేట్ విషానికి పశువైద్యులు మిథిలీన్ బ్లూను సిరలోకి ఎక్కిస్తారు. కనుక రక్తపు రంగును గమనించి వైద్యునికి వెంటనే చెప్పడం ప్రాణం నిలిపే సమాచారం. మేతను ఎండబెడితే నామును కలిగించే పదార్థం చాలావరకు తగ్గుతుంది. నైట్రేట్ మాత్రం తగ్గదు. పాతర గడ్డిగా పులియబెడితే కొంత తగ్గుతుంది.

విస్తరణ సిబ్బందికి సూచనలు

1. ఆకుకూరలలో నత్రజనిని మట్టి పరీక్ష ఆధారంగా, దఫాలుగా వేయించాలి. కోతకు ముందు రోజులలో యూరియా వేయించరాదు.

2. వీలైనంతవరకు ఎండ తగిలిన తరువాత, మధ్యాహ్నం దాటాక కోత కోయడం మంచిది. అప్పటికి పగటి వెలుతురులో నైట్రేట్ కొంత వినియోగమై ఉంటుంది.

3. వండిన ఆకుకూరను గది ఉష్ణోగ్రతలో ఎక్కువసేపు ఉంచరాదు. బాక్టీరియా నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి.

4. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మి.గ్రా. మించరాదని భారతీయ ప్రమాణం. ఎరువులు అధికంగా వాడే చేల పక్కనున్న బావి నీటిని పాలపొడి కలపడానికి వాడే ముందు పరీక్షించాలి. పసికందులు మెథ్‌హిమోగ్లోబిన్‌కు త్వరగా గురవుతారు.

5. బెట్టకు గురైన లేదా బెట్ట తరువాత వానకు తేరుకుంటున్న జొన్న, సజ్జ మేతను పరీక్షించకుండా ఆకలిగొన్న పశువుకు వేయరాదు. డైఫినైలమిన్ ద్రావణపు చుక్క వేసినప్పుడు కోసిన కాండం ముదురు నీలంగా మారితే నైట్రేట్ అధికమని అనుమానించాలి. ఆ ద్రావణంలో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటుంది కనుక శిక్షణ ఉన్నవారే వాడాలి.

6. ఆకుకూరలు తింటున్నామని రక్తపోటు మాత్రలు మానవద్దని రైతు సదస్సులలో స్పష్టంగా చెప్పాలి.

ముగింపు

రక్తనాళపు గోడలో కొద్ది సెకన్లు మాత్రమే బ్రతికే ఒక వాయువు, కాల్షియంను తగ్గించి, ఫాస్ఫేట్‌ను తొలగించి కండరాన్ని సడలిస్తుంది. ఆ వాయువుకు మూలమైన నత్రజని చేనులో వేసే ఎరువులోనూ ఉంది. మనిషిలో నైట్రేట్ కొద్దికొద్దిగా, నోటి బాక్టీరియా వడపోతలో నైట్రైట్‌గా మారుతుంది. పశువులో పెద్ద పొట్ట అంతా ఒకేసారి ఆ పని చేస్తుంది. మేలుకూ ప్రాణహానికీ మధ్య తేడా పదార్థంలో లేదు, మోతాదులోనూ మార్పు వేగంలోనూ ఉంది. నత్రజని మోతాదు గురించి రైతుకు ఇచ్చే సలహా దిగుబడికే పరిమితమైనది కాదు. తినే మనిషి రక్తనాళాన్నీ, మేసే పశువు ప్రాణాన్నీ కూడా దృష్టిలో ఉంచుకొని ఆ సలహా ఇవ్వడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత.