మంగళజోడి: పక్షులను కాపాడుకొన్న పల్లె

సైబీరియా, మంగోలియా, కాస్పియన్ తీరములలో చలి ముదిరేసరికి లక్షలాది నీటిపక్షులు దక్షిణాపథానికి బయలుదేరుతాయి. హిమాలయాలను దాటి వచ్చే ఈ అతిథులలో పెక్కింటికి శీతకాలపు విడిది ఒడిశాలోని చిల్కా సరస్సు. ఈ సరస్సు తెలుగువారికి అపరిచితమైనది కాదు. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు దాని దక్షిణ తీరం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో చేరి ఉండేది. నేటికీ చెన్నై నుండి హౌరా వెళ్ళే ప్రయాణికులకు రంభ, బాలుగావ్ స్టేషన్ల నడుమ దాని నీళ్ళు కిటికీలోనుంచి కనబడుతూనే ఉంటాయి.

చిల్కా ఉత్తరపు అంచున, ఖుర్దా జిల్లాలో ఉన్నది మంగళజోడి. ఇక్కడి నీరు లోతు తక్కువ. రెల్లు దట్టంగా పెరుగుతుంది. బురదలో పురుగులు, నత్తలు సమృద్ధి. సూదితోక బాతులకు, బాపనబాతులకు, పొడుగుముక్కుతో బురదను తవ్వుకొని తినే గాడ్విట్ పక్షులకు ఇంతకన్న అనువైన చోటు అరుదు. ఆ సమృద్ధియే వాటికి శాపమైనది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత కూడా ఈ గ్రామంలో పలు కుటుంబాలకు పక్షుల వేట జీవనాధారంగానే ఉండినది. వలలతో, విషపు ఎరలతో పట్టిన పక్షులు సమీపపు బజారులకు చేరేవి. మంగళజోడిని చుట్టుపక్కలవారు వేటగాళ్ళ ఊరుగానే ఎరుగుదురు.

అదే కాలంలో యావత్ సరస్సూ సంకటంలో పడినది. దయా, భార్గవి ప్రభృతి నదులు మోసుకొచ్చిన మేట వలన సముద్రంతో దానిని కలిపే ముఖద్వారం పూడిపోసాగింది. ఉప్పదనం తగ్గింది, కలుపు అల్లుకొన్నది, చేపలు క్షీణించాయి. 1981లో రామ్‌సార్ ఒడంబడిక జాబితాలో చేరిన చిల్కాను 1993లో ప్రమాదస్థితిలో ఉన్న చిత్తడి నేలల పట్టికకు ఎక్కించవలసి వచ్చింది. 2000లో కొత్త ముఖద్వారం తవ్విన పిమ్మట ఉప్పునీటి రాకపోకలు పునరుద్ధరింపబడి, 2002లో ఆ పట్టికనుండి దాని పేరు తొలగింది.

నీటిని ఇంజనీర్లు చక్కదిద్దగలరు. వేటను మాన్పించడం వేరు పని. వేటగానికి చట్టమంటే భయం ఉండవచ్చు, కాని సాయంత్రానికి పొయ్యి వెలగాలి గదా! స్వచ్ఛంద సేవకుల చొరవతో 2000లో గ్రామస్థులే శ్రీశ్రీ మహావీర పక్షి సురక్షా సమితిని ఏర్పరచుకొన్నారు. వేట విడిచినవారు కావలివారయ్యారు, ఆపైన మార్గదర్శకులయ్యారు. ఏ పక్షి ఎక్కడ గూడు కట్టునో, ఏ వేళ ఎక్కడ వాలునో వారికి తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది? వేటలో పొందిన విద్యయే రక్షణకు పెట్టుబడి అయినది. యంత్రపు రొద లేని చెక్కపడవలను గడకర్రతో నెట్టుతూ సందర్శకులను పక్షుల చేరువకు తీసుకొని వెళ్తారు. పడవ కూలి, బస, భోజనం ద్వారా వచ్చే ఆదాయం ఊరిలోనే నిలుస్తుంది. చనిపోయిన పక్షి ఒక్కసారే ధర పలుకుతుంది. బ్రతికి ఉన్నది ప్రతి శీతకాలమూ సందర్శకుని రప్పిస్తుంది. ఈ లెక్క గ్రామానికి బోధపడినది. ఒకప్పుడు కొన్ని వేలకు పడిపోయిన పక్షుల సంఖ్య ఇక్కడ తిరిగి లక్షలను అందుకొన్నది.

అయితే చిక్కులు లేకపోలేదు. పక్షులుండేది సుమారు నవంబరు నుండి ఫిబ్రవరి వరకే. తక్కిన మాసాలలో పడవవాడు చేపలనో, పొలాన్నో, కూలిపనినో నమ్ముకోవాలి. పడవ లేని కుటుంబానికి రాబడిలో భాగమెంత అన్నది ప్రతి యేడూ తలెత్తవలసిన ప్రశ్న. సందర్శకులు మితిమీరితే పక్షులు బెదరి మేత మానుతాయి. కనుక పడవల సంఖ్యకు హద్దు పెట్టక తప్పదు. ఆ హద్దు వలన నష్టపోయేదీ పడవవాడే.

2023లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన అమృత్ ధరోహర్ పథకం రామ్‌సార్ స్థలాలన్నిటా స్థానికులకు ఇట్టి ఉపాధి కల్పించాలని ఉద్దేశించినది. మన కొల్లేరు కూడ 2002 నుండి ఆ జాబితాలోనిదే. ఆటపాక వద్ద గూడబాతులను చూడవచ్చేవారికై పడవలు నడుస్తున్నవి. కాని మంగళజోడిలో పర్యాటనం పోటీపడవలసినది పక్షి మాంసం వెలతో. కొల్లేటిలో చేపల చెరువుల రాబడితో. 2006లో అభయారణ్యపు హద్దులలోని చెరువుల గట్లను తెగగొట్టినప్పటి నుండి అక్కడ నడుస్తున్న వివాదమంతా ఈ రెండవ లెక్క చుట్టూ తిరుగుతున్నదే.