కుట్ల గురించే కాదు... ఊపిరి గురించీ అడగండి!

ఇంట్లో ఎవరికైనా ఆపరేషనంటే ముందుగా కదిలేది ఆడవాళ్ళే. ఫ్లాస్కు, దుప్పటి, గ్లాసు, చెంచా సంచిలో సర్దుకుని ఆస్పత్రి మంచం పక్కన స్టూలు మీద కూర్చునేది తల్లో, భార్యో, కోడలో, ఆడపడుచో అయివుంటుంది. డాక్టరుగారు రౌండ్సుకు రాగానే వాళ్ళడిగే ప్రశ్నలు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. "కుట్లెప్పుడు విప్పుతారండీ?" "అన్నమెప్పుడు పెట్టొచ్చు?" "ఇంటికెప్పుడు పంపుతారు?" సర్జికల్ వార్డులోనూ, ఆ తర్వాత ఐసీయూలోనూ నర్సుగా పనిచేసిన ఇన్నేళ్ళలో "ఊపిరి బాగా తీసుకుంటున్నారా సిస్టర్?" అని నన్నడిగినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

నిజానికి అడగాల్సిన ప్రశ్న అదే. పొట్ట కోసి చేసే పెద్ద ఆపరేషన్ల తర్వాత ప్రాణం మీదికి తెచ్చే ఇబ్బందుల్లో ఊపిరితిత్తులవి ముఖ్యమైనవి. కుట్లు చక్కగా మానుతున్న మనిషికి కూడా న్యుమోనియా రావచ్చు. అయితే ఊరట కలిగించే సంగతి ఒకటుంది. ఊపిరితిత్తులను కాపాడటానికి ఏం చేయాలన్నదాని మీద గత పాతికేళ్ళలో ఎన్నో పరిశోధనలు జరిగాయి. వాటిలో మేలు చేస్తాయని తేలిన పనులు చాలావరకు ఖర్చులేనివే. కొన్నయితే మంచం పక్కన కూర్చున్న మనం చేయగలిగినవే.

నిట్టూర్పు వెనక...

మనకు తెలియకుండానే కొన్ని నిమిషాలకోసారి ఒక పెద్ద నిట్టూర్పు విడుస్తుంటాం. బాధ ఉండక్కర్లేదు. ముడుచుకుపోతున్న గాలి గదుల్ని మళ్ళీ తెరవడానికి శరీరం చేసుకున్న ఏర్పాటది. పూర్తి మత్తిచ్చి ఆపరేషన్ చేసేటప్పుడు ఈ ఏర్పాటు ఆగిపోతుంది. వెల్లకిలా పడుకుని ఉంటాం. కండరాలు సడలిపోతాయి. పొట్టకూ ఛాతీకీ మధ్యనుండే కండరపు పొర పైకి జరుగుతుంది. దాంతో ఊపిరితిత్తుల్లో వీపు వైపున్న భాగం కొంత గాలిలేక ముడుచుకుపోతుంది. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి ఇలా జరుగుతుంది. స్వీడన్ పరిశోధకులు 1980లలోనే సీటీ స్కాన్లు తీసి ఈ సంగతి చూపించారు.

చాలామందిలో ఇది ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. పొట్ట పైభాగంలో కోత పడినవారికి మాత్రం అంత తేలిక కాదు. గట్టిగా ఊపిరి పీలిస్తే నొప్పి, దగ్గితే నొప్పి. అందుకని పైపైన ఊపిరి తీసుకుంటూ దగ్గును దిగమింగుతుంటారు. లోపల కఫం పేరుకుంటుంది. పేరుకున్నచోట క్రిములు చేరతాయి.

మన ఇళ్ళలో ఉన్న నమ్మకాలు దీనికి తోడవుతాయి. ఒకావిడకు పేగుకు రంధ్రం పడి పొట్ట ఆపరేషనయింది. యాభై దాటిన మనిషి. తోడున్న వదినగారికి ఆమె అంటే ప్రాణం. "దగ్గకమ్మా, కుట్లు ఊడతాయి. లేవకమ్మా, నేనున్నాగా" అంటూ మూడు రోజులు మంచం దిగనివ్వలేదు. మేం లేపబోతే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. నాలుగో రోజు జ్వరం, ఆయాసం. ఆ రాత్రే ఐసీయూకి మార్చారు. మూడు వారాల తర్వాత బతికి బయటపడింది గానీ, ఆ బిల్లు కట్టడానికి వాళ్ళు ఎకరం పొలం తాకట్టు పెట్టారు. ఆ వదినగారి ప్రేమలో లోపం లేదు. దగ్గడం కూడా వైద్యంలో భాగమేనని ఆమెకు ఆపరేషనుకు ముందు కూర్చోబెట్టి చెప్పినవాళ్ళు లేరు, అంతే.

అరగంట మాటలతో...

ముందే చెబితే ఏమవుతుంది? ఆస్ట్రేలియాలో టాస్మానియాకు చెందిన ఇయాంథి బోడెన్ అనే ఫిజియోథెరపిస్టు సరిగ్గా ఈ ప్రశ్నే వేసుకున్నారు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో పొట్ట పైభాగంలో పెద్ద ఆపరేషన్ చేయించుకోబోతున్న 441 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు చిన్న పుస్తకం మాత్రమే ఇచ్చారు. రెండో జట్టుకు పుస్తకంతోపాటు ఆపరేషనుకు ముందు ఫిజియోథెరపిస్టు ఒక్కసారి, ఓ అరగంట కూర్చుని మాట్లాడారు. మత్తు ఇస్తే ఊపిరితిత్తులకు ఏమవుతుందో చెప్పారు. మెలకువ రాగానే గంటగంటకూ గాఢంగా ఊపిరి పీల్చాలని, తర్వాత దగ్గాలని చెప్పి, అక్కడే చేయించి చూశారు.

ఫలితం 2018లో వెలువడింది. పుస్తకం మాత్రమే అందుకున్నవారిలో నూటికి 27 మందికి ఊపిరితిత్తుల ఇబ్బందులొచ్చాయి. అరగంట మాటలు విన్నవారిలో 12 మందికే వచ్చాయి. సగం కన్నా తక్కువ! మందు లేదు, మెషీను లేదు. ఇది చదివినప్పుడు నాకు పొలం తాకట్టు పెట్టిన ఆ కుటుంబమే గుర్తొచ్చింది.

మన ఆస్పత్రుల్లో మూడు బంతుల స్పైరోమీటరు కొనిపిస్తుంటారు. చాలామంది దాన్ని బుడగలా ఊదుతారు. ఊదకూడదు, పీల్చాలి. నిదానంగా పీల్చి, బంతుల్ని కాసేపు పైనే నిలపాలి. అయితే ఆ పరికరంలోనే మహిమ ఉందనుకోకండి. 12 అధ్యయనాలను కలిపి చూసిన 2014 నాటి సమీక్షలో, పొట్ట ఆపరేషన్ల తర్వాత అది ఇబ్బందులను తగ్గిస్తుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. స్పైరోమీటరు ఉన్నా లేకపోయినా గాఢంగా పీల్చడం, దగ్గడం, లేచి నడవడం మానకూడదు. కిటికీలో పెట్టి మనవడికి ఆటబొమ్మ చేస్తే మాత్రం దానివల్ల ఏ లాభమూ లేదు!

డాక్టరుకు చెప్పని పొగ

"సిగరెట్ అలవాటుందా?" అనే ప్రశ్న మగవాళ్ళనే అడుగుతారు. ఆడవాళ్ళ దగ్గరకొచ్చేసరికి అడిగేవాళ్ళు తక్కువ, చెప్పేవాళ్ళు ఇంకా తక్కువ. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు పల్లెల్లో నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే 'అడ్డపొగ' అలవాటున్న పెద్దావిడలను నేను చూశాను. అడిగితే "సిగరెట్లా? ఛ, లేదమ్మా" అంటారు. అది అబద్ధం కాదు, నిజమూ కాదు! చుట్ట కాల్చనివాళ్ళలో కూడా ఇరవై ముప్ఫై ఏళ్ళు కట్టెల పొయ్యి ముందు కూర్చున్నవారి ఊపిరితిత్తులు దెబ్బతిని ఉండొచ్చు. ఇవి మత్తు డాక్టరుకు తప్పనిసరిగా చెప్పాలి. మీ అత్తగారికి చెప్పడానికి మొహమాటమైతే మీరు చెప్పండి. పొగతాగే అలవాటు ఆపరేషనుకు కనీసం నాలుగు వారాల ముందు మానితే ఊపిరితిత్తుల ఇబ్బందులు తగ్గుతాయని పరిశోధనలు చెబుతున్నాయి.

మీ ఎత్తెంతో తెలుసా?

ఐసీయూలో వెంటిలేటరు పెట్టినవారి విషయంలో వైద్యుల ఆలోచననే మార్చేసిన పరిశోధన 2000లో అమెరికా నుంచి వచ్చింది. అంతకుముందు మెషీను ద్వారా పెద్ద పెద్ద ఊపిరులు ఇచ్చేవారు. జబ్బు పడిన ఊపిరితిత్తుల్లో సగానికి పైగా నీరు నిండి, గాలి పట్టే చోటు కొంచెమే మిగులుతుంది. పంపిన గాలంతా ఆ కొంచెం చోటులోకే వెళ్ళి, దాన్ని సాగదీసి పాడుచేస్తుంది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న 861 మందిలో ఒక జట్టుకు పాత పద్ధతిలో, కిలోకు 12 మిల్లీలీటర్ల లెక్కన గాలి ఇచ్చారు. ఇంకో జట్టుకు అందులో సగం, 6 మిల్లీలీటర్లే ఇచ్చారు. మొదటి జట్టులో నూటికి 40 మంది చనిపోతే, రెండో జట్టులో 31 మంది చనిపోయారు. ఆపరేషన్ థియేటర్లోనూ ఇలాంటి జాగ్రత్త మేలు చేస్తుందని 2013లో ఫ్రాన్స్‌లో 400 మందిపై జరిగిన పరిశోధన చూపింది.

ఇక్కడే ఆడవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతుంది. ఆ 'కిలో' అంటే త్రాసు మీద తూగే కిలో కాదు. ఎత్తును బట్టి కట్టే లెక్క. ఎందుకంటే ఒళ్ళు చేసినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు! 5 అడుగుల స్త్రీకి ఆ లెక్కన వచ్చే బరువు 45.5 కిలోలే. కిలోకు 6 చొప్పున ఒక్కో ఊపిరికి 273 మిల్లీలీటర్ల గాలి చాలు. ఆమె 75 కిలోలుందని ఆ బరువుతో లెక్కేస్తే 450 అవుతుంది. అంత తేడా!

ఐసీయూలో పడుకుని ఉన్న మనిషి ఎత్తును కంటితో అంచనా వేస్తే పొరపాటు పడే వీలుంది. పొట్టిగా ఉన్నవాళ్ళకు ఆ నష్టం ఎక్కువ. మనలో పొట్టివాళ్ళెవరు? ఎక్కువగా ఆడవాళ్ళే కదా! 2014లో 50 దేశాల్లోని 459 ఐసీయూల్లో జరిగిన ఒక పెద్ద పరిశీలనను ఆడ, మగ వేరుచేసి చూస్తే, ఊపిరితిత్తులను కాపాడే ఈ తక్కువ మోతాదు ఆడవాళ్ళకు మగవాళ్ళ కంటే తక్కువగా అందుతోందని తేలింది. అందుకే చెబుతున్నాను. ఇంట్లో అందరి రక్తం గ్రూపు రాసిపెట్టుకుంటున్నాం కదా, పక్కనే ఎత్తు కూడా రాసిపెట్టుకోండి. ఐసీయూలో చేర్చేటప్పుడు "మా అమ్మ ఎత్తు ఇంత, ఒకసారి టేపుతో కొలవండి" అని మర్యాదగా చెప్పండి.

చూసి బెదిరిపోకండి

ఐసీయూలోకి తొంగిచూసిన ఇంటివాళ్ళు కొన్ని దృశ్యాలు చూసి బెంబేలెత్తుతారు. మనిషిని బోర్లా పడుకోబెట్టి ఉంచడం వాటిలో ఒకటి. అలా ఉంచితే ముడుచుకున్న వీపు వైపు భాగం తెరుచుకుంటుంది. 2013లో ఫ్రాన్స్, స్పెయిన్ ఐసీయూల్లో 466 మందిపై జరిగిన పరిశోధనలో, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని వెంటిలేటరు మీదున్నవారిని విడతకు 16 గంటలకు తగ్గకుండా బోర్లా ఉంచితే, 28 రోజుల్లో మరణాలు నూటికి 33 నుంచి 16కు తగ్గాయి. కరోనా రోజుల్లో, 2021 ఏప్రిల్‌లో మన కేంద్ర ఆరోగ్యశాఖ ఇళ్ళలో ఉన్నవారిని కూడా బోర్లా పడుకోమని చెప్పింది గుర్తుందా? దాని వెనకున్న సూత్రమూ ఇదే.

ఇంకొకటి, మత్తు తగ్గించడం. "అంత బాధ పడుతుంటే నిద్రపుచ్చొచ్చుగా, జాలి లేదా?" అని నన్ను నిలదీసినవాళ్ళున్నారు. చికాగోలో జరిగి 2000లో వెలువడిన పరిశోధనలో, రోజుకోసారి మత్తు ఆపి మెలకువ తెప్పించినవారు సగటున 5 రోజుల్లో వెంటిలేటరు నుంచి బయటపడితే, ఆపనివారికి 7 రోజులకు పైగా పట్టింది. వెంటిలేటరు మీదున్నవారినే మెల్లగా కూర్చోబెట్టి, కాళ్ళూచేతులూ ఆడించి, నడిపించే ప్రయత్నాల మీద 2009లో మరో పరిశోధన వెలువడింది. అలా చేసినవారిలో నూటికి 59 మంది తమ పనులు తాము చేసుకునే స్థితిలో ఇంటికెళ్ళారు. మామూలు వైద్యం అందినవారిలో 35 మందే అలా వెళ్ళగలిగారు. అమ్మను లేపి కూర్చోబెడుతున్నారంటే హింస పెట్టడం కాదు, ఇంటికి పంపే దారి వేయడం.

తీర్థం పోసే ముందు...

తులసి తీర్థమో, గంగాజలమో ఒక్క చుక్క నోట్లో పోస్తామని ఐసీయూ తలుపు దగ్గర బతిమాలేవారు ఎందరో! ఆ భక్తిని కాదనలేం. కానీ మగతగా పడుకున్న మనిషికి ఆ చుక్క పొట్టలోకి కాక ఊపిరితిత్తుల్లోకి జారొచ్చు. సిస్టరునడిగి, తడి దూదితో పెదవులు మాత్రం అద్దండి. మంచం తలవైపు ఎత్తి ఉంచేది కూడా అందుకే. బార్సిలోనాలో జరిగి 1999లో వెలువడిన పరిశోధనలో, వెంటిలేటరు మీద చదునుగా పడుకున్నవారిలో నూటికి 34 మందికి న్యుమోనియా లక్షణాలు కనిపిస్తే, తలవైపు ఎత్తినవారిలో 8 మందికే కనిపించాయి. "మెడ నొప్పెడుతుందేమో" అని మంచాన్ని మీరు దించేయకండి.

నోటి శుభ్రత సంగతీ అంతే. 15 అధ్యయనాలను కలిపి 2023లో వెలువడిన విశ్లేషణలో, ఆస్పత్రిలో ఉన్నవారికి రోజూ పళ్ళు తోమిస్తే న్యుమోనియా తగ్గుతుందని తేలింది. ఆ మేలు వెంటిలేటరు మీదున్నవారిలోనే బాగా కనిపించింది. ఆస్పత్రి సంచిలో దుప్పటికంటే ముందు ఓ మెత్తటి బ్రష్షు పెట్టండి.

మంచం పక్కన ఉండేవారికి

* ఆపరేషనుకు ముందే ఊపిరి వ్యాయామం ఎలా చేయాలో అడిగి, ఇంట్లోనే అలవాటు చేయించండి.

* మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పది గాఢమైన ఊపిరులు, కాస్త విరామం, మరో పది, ఆపైన దగ్గు. దగ్గేటప్పుడు చిన్న తలగడను కుట్ల మీద అదిమిపట్టమనండి. నొప్పి తగ్గుతుంది.

* నొప్పిని పళ్ళబిగువున ఓర్చుకోవడం గొప్ప కాదు. నొప్పి ఉంటే దగ్గలేరు, ఊపిరి పీల్చలేరు. సిస్టరుకు వెంటనే చెప్పండి.

* ఎప్పుడు కూర్చోవచ్చు, ఎప్పుడు నడవొచ్చు అని డాక్టరునడగండి. సరే అన్న రోజే పక్కనుండి నడిపించండి.

* ఏది తాగించినా, తినిపించినా డాక్టరు అనుమతి తీసుకుని, నిటారుగా కూర్చోబెట్టాకే.

* జ్వరం, ఆయాసం, రంగు మారిన కఫం, కొత్తగా మగత... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా సరే, నర్సును లేపండి. విసుక్కుంటారని మొహమాటపడకండి. మేమక్కడ ఉన్నది అందుకే.