చిన్న పెరటిలో దేవతా వృక్షాలు

అశ్వత్థాన్ని విష్ణుస్వరూపంగా, బిల్వాన్ని శివునికి ప్రీతిపాత్రంగా, ఉసిరిని కార్తిక మాసంలో పూజనీయంగా భావించి ఆరాధించడం మన సంప్రదాయం. అందుచేత గృహప్రవేశం నాడో, మొక్కుబడి తీరిన నాడో ఇంట ఒక దేవతా వృక్షాన్ని నాటాలని అనేకులు సంకల్పిస్తారు. ఆలయ ఉద్యానవన సేవలో ఉన్న నన్ను రాజమహేంద్రవరం భక్తులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: "నూట యాభై గజాల స్థలంలో ఇల్లు పోగా మిగిలిన చోట ఏ చెట్టు వేయమంటారు?"

మొక్కను చూసి కాక, ఎదిగిన చెట్టును ఊహించుకొని ఎంచుకోవాలని నేను మనవి చేస్తుంటాను. భక్తితో నాటి, నీరు పోసి, ప్రదక్షిణలు చేసిన రావిచెట్టును గోడ పగులుతున్నదని పదేళ్ల తరువాత కొట్టించవలసి వస్తే ఆ ఇంటివారికి కలిగే క్షోభ ఇంతింత కాదు. రావి, మర్రి వేళ్లు తేమను వెదుకుతూ పునాదుల పగుళ్లలోకి, మురుగు గొట్టాలలోకి చొచ్చుకొనిపోతాయి. మన పెద్దలు రావి, వేప చెట్లను జంటగా పెంచి, కల్యాణం జరిపించినది చెరువు గట్టునా, ఆలయ ప్రాంగణంలోనే గాని ఇంటి గోడ పక్కన కాదు.

చిన్న పెరటికి పారిజాతం మిక్కిలి అనుకూలం. కొమ్మలు కత్తిరిస్తూ ఉంటే పది పన్నెండు అడుగుల ఎత్తులో అదుపులో ఉంటుంది. తెల్లవారేసరికి రాలే ఈ పూలను నేలపై నుండి ఏరి పూజకు వినియోగించడం ఆచారం కనుక, చెట్టు కింద నేలను శుభ్రంగా ఉంచుకోవాలి. నందివర్ధనం, మందారాలకు గోడ నుండి నాలుగైదు అడుగుల ఎడం చాలు. బిల్వం నిదానంగా ఎదుగుతుంది. ముళ్లుంటాయి కనుక నడకదారికి దూరంగా నాటాలి. ఉసిరిలో అంటు మొక్క మేలు; రెండు వేర్వేరు రకాలు దగ్గరగా ఉంటే కాపు బాగుంటుంది. గన్నేరు పూజకు పనికివచ్చినా చెట్టంతా విషమే. పసిపిల్లలున్న ఇంట వేయకపోవడం మంచిది. కొబ్బరిని విద్యుత్ తీగల కింద, వీధి అంచున నాటరాదు. 1996 నవంబరు 6 నాటి తుపానులో కోనసీమ కొబ్బరితోటలు నేలకూలిన వైనం మనవారికి తెలిసినదే.

నేల స్వభావాన్ని కూడా గమనించాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన ఈ డెల్టాలో బంకమట్టి ఎక్కువ. వానలకు నీరు నిలుస్తుంది. మెట్టనేలల చెట్టయిన జమ్మికి, ఉసిరికి నీటి నిలువ సరిపడదు. అటువంటి చోట అడుగు ఎత్తున మట్టి పోసి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నాటాలి. కడియం, కడియపులంక నర్సరీలలో మొక్క కొనేటప్పుడు ఎత్తుకు ఆశపడక, వేళ్లు కవరులో చుట్టలు చుట్టుకొనని లేత మొక్కను ఎంచుకోవాలి.

రావి మొక్కే నాటుతానని మొక్కుకొన్నవారు చింతించనక్కరలేదు. సమీప ఆలయంలోనో, చెరువు గట్టునో అనుమతి పొంది నాటవచ్చును. అయితే మొక్కతోపాటు దాని చుట్టూ కంచెను, తొలి రెండు మూడు వేసవులు నీరు పోసే బాధ్యతను కూడా స్వీకరించండి. మొక్క నిలదొక్కుకొన్న నాడే ఆ మొక్కుబడి తీరినట్లు భావించవలసినదిగా నా విన్నపం.