తొమ్మిది బార్ల కాఫీ

పెళ్ళిళ్లలో భోజనాల పందిరి పక్కన రాగి రంగు డబ్బా ఒకటి బుసలు కొడుతూ ఉండేది, గుర్తుందా? కాఫీ కుర్రాడు స్టీలు మగ్గులో పాలు పోసి దాని గొట్టం కింద పెడితే గర్రుమని నురగ లేచేది. పైన చిటికెడు కోకో పొడి చల్లి ఇచ్చేవాడు. డబ్బా మీద ‘ఎస్ప్రెస్సో కాఫీ’ అని ఎర్రటి అక్షరాలు. ఎస్ప్రెస్సో అంటే అదేననుకుంటూ పెరిగాం మనలో చాలామందిమి. తీరా చూస్తే అందులో ఉన్నది ఇన్‌స్టంట్ పొడి, పంచదార, పాలు, ఆవిరి. ఎస్ప్రెస్సో మిషన్‌లో పాలు నురగ పట్టే సగం మాత్రమే అది, కాఫీ దిగే సగం దాంట్లో లేనే లేదు. అయినా ఆ రుచంటే నాకిప్పటికీ మమకారమే.

✦ ఆ మాటకొస్తే అసలు మిషన్ కూడా ఆవిరితోనే మొదలైంది. 1884లో ఇటలీలోని టూరిన్ నగరంలో ఏంజెలో మోరియోండో ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అది ఒకేసారి బోలెడంత కాఫీ కాచేది. ఎవరి కప్పు వాళ్లకు అప్పటికప్పుడు దింపే పద్ధతికి 1901లో మిలాన్ వాడు లుయిజీ బెజ్జెరా పేటెంటు పొందాడు. దాన్ని కొనుక్కుని మిషన్లు చేసి అమ్మినవాడు పావోని. ఆవిరి ఒత్తిడి ఒకటిన్నర, రెండు బార్లకు మించేది కాదు కాబట్టి కాఫీ పలచగా, కాస్త మాడు వాసనతో దిగేది.

✦ కప్పు మీద తేలే తేనెరంగు మీగడ, క్రీమా, ఆ రోజుల్లో లేదు. అది అకీలె గాజియా పుణ్యం. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1940ల చివర్లో ఆవిరిని పక్కనపెట్టి, స్ప్రింగున్న లివరు లాగి వేడినీళ్లను పొడిలోంచి తోయించాడు. ఒత్తిడి ఒక్కసారిగా ఎనిమిది, తొమ్మిది బార్లకు లేచింది, నురగ వచ్చింది. దాన్ని ‘సహజమైన కాఫీ మీగడ’ అని మిషన్ మీదే రాయించి అమ్మాడు. ఇప్పుడు మీట నొక్కితే చాలు, అయినా కప్పు ఎస్ప్రెస్సో దింపడాన్ని ఇంగ్లీషులో ఇంకా షాట్ ‘లాగడం’ అనే అంటారు.

✦ ఇంతకీ తొమ్మిది బార్లంటే ఎంత? మనింట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేది బయటి గాలి కంటే ఒక బారు ఎక్కువ ఒత్తిడి దగ్గర. కారు టైరులో ఉండేది రెండు చిల్లర. 58 మిల్లీమీటర్ల బాస్కెట్‌లో (పొడి పోసే చిల్లుల గిన్నె) ఉన్న పొడి మీద తొమ్మిది బార్లంటే సుమారు 240 కిలోల బరువు మోపినట్టు. పాతిక కిలోల బియ్యం బస్తాలు దాదాపు పది, అరచేతిలో పట్టే కాఫీ బిళ్ల మీద! టాంపరుతో పొడిని అదిమేటప్పుడు పళ్లు బిగపట్టే వాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. మీరు మోపే పది పదిహేను కిలోలు మిషన్ మోపేదాని ముందు ఏపాటి? గట్టిగా కంటే సమంగా అదమడం ముఖ్యం. ఒక పక్కకు ఒరిగిందా, పొడి పల్చగా ఉన్న వైపు నుంచి నీళ్లు దారి చేసుకుని జారిపోతాయి.

✦ మరి అట్టపెట్టె మీద 15 బార్లు, 20 బార్లు అని ఉంటుందేం? పంపు గరిష్ఠంగా ఎంత తోయగలదో ఆ అంకె, కాఫీకి కావలసింది కాదు. మంచి మిషన్లలో ఎక్కువైన ఒత్తిడిని వదిలేసే వాల్వు ఒకటి ఉండి తొమ్మిది దగ్గర ఆపుతుంది. 15 కంటే 20 గొప్పనుకుని కొనడం స్పీడోమీటరులో ఆఖరి అంకె చూసి బండి కొనడమే.

✦ కొట్లో ఎవరూ చెప్పని చిన్న పరీక్ష. మిషన్‌తో ఇచ్చే బాస్కెట్‌ను వెల్తురుకు పట్టి అడుగు చూడండి. జల్లెడలా నిండా చిల్లులుంటే అది మామూలు బాస్కెట్. లోపల చిల్లులుండి బయట అడుగున గుండుసూది బెజ్జం ఒక్కటే కనిపిస్తే అది రెండు గోడల బాస్కెట్. ఎంత పాత పొడి పోసినా, ఎంత ముతకగా ఉన్నా ఆ బెజ్జంలోంచి చిమ్మి నురగలా కనిపించేట్టు చేస్తుంది. మొదట్లో పనికొస్తుంది, తప్పులేదు. కానీ మామూలు బాస్కెట్ కూడా దొరికే మిషనే తీసుకోండి, లేకపోతే ఆరు నెలల్లో విసుగు పుడుతుంది.

✦ ఇక అసలు సంగతి. మిషన్ చేసేదల్లా వేడినీళ్లను నిలకడగా తోయడం. రుచి తేలేది పొడి దగ్గర. మిక్సీ బ్లేడు గింజల్ని నరుకుతుంది కాబట్టి కొంత పిండి, కొంత రవ్వ అవుతుంది. పిండి చేదెక్కుతుంది, రవ్వ పుల్లగా మిగులుతుంది, రెండూ ఒకే కప్పులోకి దిగుతాయి. బర్ గ్రైండర్ అలా నరకదు, రెండు పళ్ల చక్రాల మధ్య నలుపుతుంది. సూటిగా చెప్పాలంటే మన తిరగలికి ఇనుప మనవడు. రెండు రాళ్ల మధ్య సందు పెంచితే రవ్వ, తగ్గిస్తే పిండి అని మన అమ్మమ్మలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఎస్ప్రెస్సోకి ఆ సందు వెంట్రుకవాసి మారినా 25 సెకన్లలో దిగాల్సిన షాట్ 12కే దిగిపోతుంది, లేదా చుక్కలు చుక్కలుగా నిమిషం పడుతుంది. వానాకాలంలో తేమకు మళ్లీ సర్దుకోవాలి. అందుకే నా మాట వింటే, చేతిలో ఉన్న డబ్బులో కనీసం మూడోవంతు గ్రైండరుకు తీసి పెట్టి, మిగిలినదాంతో మిషన్ చూడండి. చేత్తో తిప్పే గ్రైండరైనా పర్వాలేదు, నేను రెండేళ్లు దాంతోనే గడిపాను. పొద్దున్నే వ్యాయామం కూడా.

గింజల పొట్లం మీద గడువు తేదీ కాకుండా వేయించిన తేదీ వెతకండి. క్రీమాలో బుడగలు గింజలో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడువే. వేయించి నెలలు గడిస్తే ఆ వాయువు వెళ్లిపోతుంది, నురగా పోతుంది.

✦ పాళ్లు: ఇటలీ పాత లెక్కలో 7 గ్రాముల పొడి, 25 సెకన్లు, 25 మిల్లీలీటర్లు. ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా వాడేది 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో. గ్రాములో పదోవంతు చూపే చిన్న త్రాసు ఉంటే చాలు. పుల్లగా ఉంటే ఇంకాస్త మెత్తగా, చేదుగా ఉంటే ఇంకాస్త ముతకగా ఆడించుకోవాలి. ఒకేసారి రెండు మూడు మార్చకండి, ఏది పనిచేసిందో తెలీదు.

✦ ఇంట్లో ఉన్న ఫిల్టరు కాఫీ పొడి వేస్తే? దాంట్లో సాధారణంగా చికోరీ ఉంటుంది. మన చట్టం ప్రకారం మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, అంటే దగ్గర దగ్గర సగం దాకా చికోరీయే ఉండొచ్చు. చికోరీ వేయించిన వేరు, నీళ్లు తగిలితే బంకలా సాగుతుంది. స్టీలు ఫిల్టరులో నెమ్మదిగా కారే డికాక్షనుకు అది చిక్కదనం, ఎస్ప్రెస్సో మిషన్‌లో మాత్రం గొంతుకు అడ్డం.

✦ ఇటలీ ఎస్ప్రెస్సోలో మన గింజ ఉంటుంది! భారతదేశపు కాఫీ కొనే దేశాల్లో ఏళ్లుగా ముందున్నది ఇటలీయే. మనం పండించేదాంట్లో సుమారు 70 శాతం రోబస్టా, దట్టమైన క్రీమా కోసం ఇటలీ వాళ్లు మిశ్రమాల్లో కలిపేది అదే. అరకుది వేరే దారి, అక్కడ పండేది అరబికా. 2017లో ఆ పేరుతో పారిస్‌లో దుకాణం తెరుచుకుంది, 2019లో ‘అరకు వ్యాలీ అరబికా’కు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

✦ గ్రహణం పూట మనవాళ్లు మంచినీళ్లు కూడా ముట్టరు. ఇటలీ వాళ్లు గ్రహణం పేరు కాఫీ మిషన్‌కు పెట్టుకున్నారు. 1961 ఫిబ్రవరి 15న అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఆ ఏడాది ఫయేమా సంస్థ తెచ్చిన మిషనే ఇ61, ‘ఇ’ అంటే గ్రహణమే. చేత్తో లివరు లాగే పని పోయి మోటారు పంపు వచ్చింది. కాఫీ దిగే ఇత్తడి తలకాయలో వేడినీళ్లు తిరుగుతూ దాన్ని వెచ్చగా ఉంచుతాయి. ఆ తలకాయ ఇప్పటికీ ఖరీదైన ఇంటి మిషన్లలో కనిపిస్తుంది. అందం సరే, కిలోల కొద్దీ ఇత్తడి వేడెక్కడానికి అరగంట పడుతుంది. ఆఫీసు బస్సు ఏడింటికైతే ఆలోచించుకోండి.

✦ ఇంటిల్లిపాదీ పాల కాఫీయే తాగుతారా? అయితే బాయిలరు ఎన్నో అడగండి. కాఫీ దిగే నీళ్లకు 93 డిగ్రీల చుట్టుపక్కల కావాలి, ఆవిరికి అంతకంటే చాలా ఎక్కువ. ఒకే బాయిలరైతే ఒకటయ్యాక ఇంకోదానికి ఆగాలి. ఇద్దరికి ఫరవాలేదు, పండక్కి వచ్చిన ఎనిమిదిమందికి చేస్తే మొదటి కప్పు చల్లారాక ఆఖరిది అందుతుంది. పాలు మాత్రం ఫ్రిజ్‌లోంచి చల్లగా తీసి, కాచిన పాలైతే మీగడ తట్టు తీసేసి నురగ పట్టండి. జగ్గు అడుగున చెయ్యి పెట్టి, ఇక ఆనలేం అనిపించగానే ఆపాలి. 65 డిగ్రీలు దాటితే తియ్యదనం తగ్గిపోతుంది. ఆవిరి గొట్టాన్ని ఆ క్షణమే తడిగుడ్డతో తుడిచి ఒకసారి బుస్సుమనిపించండి. ఎండిన పాలు ఎలా కంపు కొడతాయో అనుభవం మీద చెబుతున్నాను.

✦ గింజలు ఆడించే ముందు ఒక చుక్క నీళ్లు చిలకరిస్తే పొడి గ్రైండరుకు అతుక్కోదు. స్థిరవిద్యుత్తు తగ్గుతుంది కాబట్టి. 2023లో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో దీన్ని పరిశోధించినవాళ్లలో అగ్నిపర్వతాల శాస్త్రజ్ఞులున్నారు. బూడిద రేణువులు రాసుకుని పర్వతం మీద మెరుపులు పుట్టేదీ, గ్రైండరులో పొడి చిటపటలాడేదీ ఒకే కారణంతో మరి.

✦ నీళ్లు. బోరు నీళ్లు పోస్తే గీజరు కాయిలుకు పట్టినట్టే బాయిలరుకు తెల్లటి సున్నపు పొర పడుతుంది. ఆర్వో నీళ్లయితే పొర పట్టదు కానీ ఖనిజాలు మరీ లేకపోతే కాఫీ చప్పబడుతుంది. కొన్ని మిషన్లలో నీటిమట్టం కనిపెట్టే తీగకు ఆ నీళ్లు కనిపించవు కూడా! రెండూ కలిపి వాడేవాళ్లున్నారు. పొర పడితే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో కడగొచ్చు. ముందు మాన్యువల్ చూడండి, అల్యూమినియం బాయిలర్లకు అన్నీ పడవు.

✦ 2015 మే 3న వ్యోమగామి సమంతా క్రిస్టోఫొరెట్టి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఎస్ప్రెస్సో తాగింది. ఇటలీ ఆవిడే, వేరే చెప్పాలా! అక్కడికి పంపిన మిషన్ బరువు సుమారు 20 కిలోలు.

✦ అమెరికా నుంచి తెప్పించుకోవచ్చా? మా తోడల్లుడు అట్లాంటా నుంచి తెచ్చాడు. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. నేరుగా తగిలిస్తే హీటరు మీద పడే శక్తి మూడున్నర రెట్లు దాటుతుంది, క్షణాల్లో బూడిద. సరేనని ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాం. వోల్టేజీ మారింది గానీ కరెంటు పౌనఃపున్యం మారలేదు. అక్కడ సెకనుకు 60 సార్లు కొట్టుకునే పంపు ఇక్కడ 50 సార్లే కొట్టుకుంది, మోత మారింది, షాట్ నీరసంగా దిగింది. చివరికి ఇక్కడే ఒకటి కొన్నాను. దానికీ మొదటిరోజు మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు వేడెక్కితే, మైక్రోవేవ్ ఓవెన్‌ను జరిపి దాని పవర్ ప్లగ్గు ఇచ్చాను. అట్లాంటా మిషన్ వెనక్కి వెళ్లిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ మా అటక మీదే ఉంది, ఎవరైనా పట్టుకెళ్తానంటే ఊరికే ఇచ్చేస్తాను. కాకపోతే మొయ్యడానికి ఇద్దరు రావాలి.