మీకు తెలుసా? జైల్లో ఉండగానే ఎంపీ!

బ్రిటిష్ పార్లమెంటుకు ఎన్నికైన తొలి మహిళ, ఆ ఎన్నిక జరిగే నాటికి లండన్‌లోని హాలోవే జైల్లో ఖైదీ! ఆమె పేరు కాన్‌స్టెన్స్ మార్కివిచ్. 1918 డిసెంబరు ఎన్నికల్లో 17 మంది మహిళలు బరిలో దిగితే, గెలిచింది డబ్లిన్ నుంచి పోటీ చేసిన ఆమె ఒక్కరే.

ఐర్లాండ్‌లోని స్లైగో ప్రాంతంలో లిసడెల్ ఎస్టేటు ఆమె కుటుంబానిది. గుర్రపు స్వారీ, లండన్, పారిస్‌లలో చిత్రకళ చదువు... కలవారింటి బిడ్డకు దేనికీ కొదవ లేదు. పోలండ్ చిత్రకారుణ్ణి పెళ్లాడి కౌంటెస్ అయ్యారు.

అంతటి మనిషి 1913లో డబ్లిన్ కార్మికులను యజమానులు పనిలోంచి గెంటేసినప్పుడు, వాళ్ల కుటుంబాల కోసం లిబర్టీ హాల్లో గంజి కేంద్రం నడిపారు.

ఐర్లాండ్‌లో బ్రిటిష్ పాలనపై జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటులో తుపాకీ పట్టారు. లొంగిపోతూ రివాల్వర్‌ను ముద్దాడి మరీ బ్రిటిష్ అధికారి చేతికిచ్చారు. కోర్టు మరణశిక్ష వేసింది. ఆడమనిషి అన్న ఒకే ఒక్క కారణంతో దాన్ని యావజ్జీవంగా మార్చారు. 1917లో క్షమాభిక్షతో విడుదలయ్యారు.

మరుసటి ఏడాది మళ్లీ జైలుకెళ్లి, అక్కడి నుంచే ఎంపీగా గెలిచినా బ్రిటన్ రాజుకు విధేయత ప్రకటించేది లేదంటూ లండన్ సభలో అడుగుపెట్టలేదు. తన పార్టీ సహచరులతో కలిసి డబ్లిన్‌లోని సొంత సభ ‘డాయిల్’ వైపే నిలిచి, 1919లో కార్మిక మంత్రి అయ్యారు.

1927లో డబ్లిన్ ఆసుపత్రిలో, పేదల మధ్య సాధారణ వార్డులోనే కన్నుమూశారు. ఆమె తర్వాత ఐర్లాండ్ క్యాబినెట్‌లో మరో మహిళ కనిపించింది 1979లోనే!