ఉపాధ్యాయుల వెబ్‌పుటలు: తల్లులు చేయదగిన పరీక్ష

అంగడిలో వంకాయను త్రిప్పి చూడక బుట్టలో వేసికొను గృహిణి యుండదు. పై నిగనిగను జూచి కొన్నచో లోపల పుచ్చుండవచ్చునని మనకందఱకును దెలియును. అట్టి మనమే, బిడ్డ ఫోనులో నొక పాఠమును జదువుచుండగా, దానిని వ్రాసినదెవరు, ఎన్నడు వ్రాసిరి, అది నిజమా కాదా యని విచారింపక, ‘చదువుకొనుచున్నాడు గదా’ యని సంతసించి వంటయింటికి బోవుచున్నాము. ఇందు మేమును బొరపడినవారమే. కావున నీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గత సంవత్సరము ఎనిమిదవ తరగతిలో నున్న మా కుమారుడు పరీక్షకు ముందటి రాత్రి సంధులను వల్లెవేయుచుండెను. ‘ఏకైక యనునది గుణసంధి’ యని వాని నోట వినబడగానే మేము చేతిపని విడిచి వచ్చితిమి. ఏక, ఏక యను రెండు పదములు కలిసి ఏకైక యైనది. అకారమునకు ఏకారము పరమగునపుడు ఐకారము వచ్చుట వృద్ధిసంధి గాని గుణసంధి గాదు. వాడు తప్పు తనది కాదనుచు ఫోను చూపెను. అది యొక ఉపాధ్యాయుడు తన తరగతి కొఱకు గూర్చిన వెబ్‌పుట. రంగులును, బొమ్మలును, అక్షరములును ముచ్చట గొలుపుచున్నవి. తప్పు మాత్రము వాని నడుమ నిశ్చింతగా గూర్చున్నది.

చిన్ననాట మా నాయనగారి కడ నింటనే వ్యాకరణము చదివితిమి గనుక ఆ తప్పు మాకు జిక్కినది. అదియే రసాయనశాస్త్రమైనచో మేమేమి చేసియుందుము? తనకు రాని విద్యలో బిడ్డ తప్పు నేర్చుచుండగా తల్లి యెట్లు కనిపెట్టవలయును? ఆ రాత్రి మమ్ము నిద్రపోనీయని ప్రశ్న యిదియే.

అంతమాత్రమున ఉపాధ్యాయుల పుటలు పనికిరావని మేమనుట లేదు. పాఠ్యపుస్తకము రాష్ట్రమునకంతకును వ్రాయబడును. ఉపాధ్యాయుని పుట తన యెదుట బల్లలపై గూర్చున్న పిల్లలకై వ్రాయబడును. భిన్నములు కూడునపుడు బిడ్డ ఎచ్చట తడబడునో నిత్యము చూచువానికి దెలిసినట్లు మఱియొకరికి దెలియదు. కావలసినది త్యజించుట గాదు, ఏరుకొనుట.

ముందు వెదకు విధము చెప్పుదుము. మన పాఠ్యపుస్తకములలో పెక్కింట పాఠముల చెంత నలుపు తెలుపు గడుల క్యూఆర్ కోడ్ ముద్రింపబడియున్నది. దానిని ఫోనుతో జూచినచో 2017లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన ‘దీక్ష’ యను వేదికలోని పాఠము తెఱచుకొనును. అందు ఉపాధ్యాయులు చేసిన పాఠములు గూడ గలవు. వెలుపల వెదకునపుడు ‘సంధులు’ అని యొక్క మాట వేసిన వేలకొలది పుటలు వచ్చి పడును. తరగతి, పాఠము పేరు, ‘అభ్యాసపత్రము’ అను మాట చేర్చి వెదకినచో తరగతి గదిలో పుట్టినవి పైకి వచ్చును. అన్నిటికంటె సులభమార్గము బిడ్డయొక్క ఉపాధ్యాయునే యడుగుట. తోటి ఉపాధ్యాయులలో నెవరి పుటను దాము వాడుకొనుచున్నారో వారు చెప్పగలరు.

ఇక పరీక్ష. మొదటిది పేరు. వ్రాసినవారెవరు, ఏ తరగతికి బోధింతురు, వారికి జాబు వ్రాయు మార్గమెద్ది యను మూడును పుటపై నుండవలయును. పేరు చెప్పుకొనని పుటలో తప్పునకు బాధ్యుడెవడును లేడు.

రెండవది కాలము. ఆంధ్రప్రదేశమున 13 జిల్లాలని యున్నచో, అది 2022 ఏప్రిలునకు ముందు వ్రాసినదియో, తరువాత దిద్దనిదియో యని గ్రహింపవలయును. ఆ నెలలో జిల్లాలు 26 చేయబడినవి. తెలంగాణమున 10 జిల్లాలనుట 2016 అక్టోబరునకు ముందటి మాట. సూర్యుని చుట్టు దిరుగు గ్రహములు తొమ్మిది యనుటయు నట్టిదే. 2006లో అంతర్జాతీయ ఖగోళ సంఘము ప్లూటోను మరుగుజ్జు గ్రహముగా నిర్ణయించినది. మన నవగ్రహముల సంగతి వేఱు.

మూడవది మెతుకు పరీక్ష. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు కుండనంతయు దినిచూడనక్కఱలేదు. పుటలో మనకు దెలిసిన దొక్కటి, లేక పాఠ్యపుస్తకముతో సరిచూడదగిన దొక్కటి యెన్నుకొని చూడవలయును. లెక్క యైనచో బిడ్డచేతనే చేయించి జవాబు పోల్చవలయును. ఆ యొక్కటి తప్పైనచో తక్కినవానిని నమ్మి ముందుకు బోరాదు.

నాలుగవది బయటి సాక్ష్యము. 1998లో అమెరికాలో చెట్లపై నివసించు ఆక్టోపస్‌ను గూర్చి వినోదార్థ మొక వెబ్‌పుట కల్పింపబడినది. ఆక్టోపస్ సముద్రజీవి. అయినను ఆ పుటలో బొమ్మలు గలవు, శాస్త్రీయనామము గలదు, ఆ ప్రాణిని రక్షింపుడను విన్నపమును గలదు. 2006లో కనెక్టికట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దానిని ఏడవ తరగతి పిల్లలకు జూపగా, చదువరులలో దిట్టలైనవారే నమ్మిరి. ఆ పుటలోనే యెంతసేపు వెదకినను అబద్ధము బయటపడదు. దానిని విడిచి ఆ జీవి పేరును వేఱొకచోట వెదకినచో క్షణములో దెలియును.

అయితే బయట పదిచోట్ల నదే మాట యుండుట పది సాక్ష్యములు గాదు. అనుమానించిన వాక్యమును కొటేషన్ గుర్తుల నడుమ నుంచి వెదకినచో, ఒకరినొకరు చూచి వ్రాసికొన్న పుటలు బయటపడును. మేమట్లు చేయగా ఏకైకను గూర్చిన యా తప్పు, అవే మాటలతో, మఱి మూడు పుటలలో గనబడినది.

అయిదవ పరీక్షను మేము మా యింటి పొరపాటువలన నేర్చితిమి. ఉపాధ్యాయులైన మా వారు తమ తరగతికై చేసిన పుటలో, విజ్ఞాన ప్రదర్శననాటి ఛాయాచిత్రములను బిడ్డల పేర్లతో నుంచిరి. మేము చూచి మురిసితిమి. ఒకనాటి సాయంకాలము ఒక బాలిక తల్లి మా గడప యొద్ద నిలిచి, “అమ్మగారూ, సారుతో చెప్పి మా పిల్ల ఫోటో తీయించండి. పిల్ల పేరు, బడి పేరు, ఊరి పేరు అన్నీ అందులోనే ఉన్నాయి. ఎవరెవరు చూస్తారో మనకేం తెలుసు?” అనెను. మాకు దల వంగిపోయినది. అక్షరదోషములను వెదకిన మా కన్నులకు ఆ దోషము కనబడలేదు. ఆ రాత్రియే మా వారు చిత్రములన్నిటిని దొలగించిరి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమునకు తలిదండ్రుల సమ్మతి వలయునని విధించినది. ఆ తల్లి చట్టము చదివి రాలేదు. కావున బిడ్డల ముఖములను, పేర్లను జతపఱచిన పుటను, పాఠము చూపుటకు ముందు ఫోను నంబరడుగు పుటను మనము ప్రశ్నింపవలయును.

మేము మొదట జెప్పిన యా ఉపాధ్యాయునకు మర్యాదతో నొక జాబు వ్రాసితిమి. రెండవనాటికే ఆయన తప్పు దిద్ది, కృతజ్ఞత దెలుపుచు బ్రత్యుత్తరమిచ్చిరి. మా కుమారుడు సవరించిన పుటను జూచి, “పంతుళ్ళు కూడా దిద్దుకుంటారా?” యని తండ్రి నడిగెను. మా వారు నవ్వి, “దిద్దుకున్నవాడి దగ్గరే చదువుకోరా” యనిరి. నాటినుండి మేము దెలియని శాస్త్రముల పుటలను గూడ ఆ గుర్తుతోనే వెదకుచున్నాము. తప్పు చెప్పుటకు దారియుంచి, చెప్పినపుడు దిద్దుకొనువాని పుట మా బిడ్డలకు జాలును.

సోదరీమణులు ఈ సాయంకాలము పొయ్యి కట్టిన పిమ్మట ఒక్క గడియ బిడ్డ ప్రక్కన గూర్చుండి, వాడు చదువు పుటను దామును జూతురు గాక.